స్టేజ్ 2 చేయమని వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్: ఒక కేస్ స్టడీ

బండి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230. 2018 రిజిస్ట్రేషన్, 70 వేల కిలోమీటర్లు దాటింది, రెండో ఓనరు చేతిలో ఉంది. వాడకం అంతా హైదరాబాద్‌లోనే. ఓనరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పై లోపు కుర్రాడు. టర్బో పెట్రోల్ బండి నడపడం అతనికి ఇదే మొదలు. వచ్చీ రాగానే, "స్టేజ్ టూ చేసేద్దాం అన్నా, డౌన్‌పైపు, ఇంటేకు ఆర్డర్ కూడా పెట్టేశా" అన్నాడు. స్టేజ్ టూ అంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు కొన్ని పార్టులూ మార్చి పవర్ పెంచడం; డౌన్‌పైపు టర్బో నుంచి పొగ బయటికి పోయే మొదటి గొట్టం, ఇంటేకు ఇంజిన్ గాలి పీల్చే దారి. బండిలో ఏదైనా ఇబ్బంది ఉందా అంటే ఏమీ లేదన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే మధ్యాహ్నం పూట పికప్ కాస్త మందంగా ఉంటుందని, ఔటర్ రింగు రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఒక్కోసారి జర్క్ ఇస్తుందని చెప్పాడు. "అది మామూలే కదన్నా" అని తనే తీర్పు కూడా ఇచ్చేశాడు.

మామూలు కాదు. పవర్ పెంచమని మా దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళలో చాలామంది బండి ఇప్పటికే కొంత పవర్ పోగొట్టుకుని ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. ఈ కేసు పూర్తిగా రాయడానికి కారణం అదే. కొత్తగా టర్బో బండి కొని, పార్టుల లిస్టు రాసుకుని కూర్చున్నవాళ్ళకు ఇది పనికొస్తుంది.

బండి గురించి కాస్త చెప్పాలి. 2017లో మన దేశంలోకి వచ్చి, పరిమిత సంఖ్యలో అమ్ముడైన కారు ఇది. ఇంజిన్ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాళ్ళ ఈఏ888 మూడో తరం, 1984 సీసీ, డైరెక్ట్ ఇంజెక్షన్. 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్. టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది, ఐహెచ్ఐ కంపెనీ ఐఎస్20. ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్) గేర్‌బాక్స్, డీక్యూ250, తడి క్లచ్చులది, అంటే క్లచ్చులు ఆయిల్లో మునిగి ఉంటాయి. పవర్ అంతా ముందు చక్రాలకే వెళ్తుంది. ఇదే ఇంజిన్ కుటుంబం గోల్ఫ్ జీటీఐలో, చాలా ఆడీ కార్లలో కూడా ఉంది కాబట్టి దీనికి పార్టులకు కొదవ లేదు, ట్యూన్ ఫైళ్ళకు (ఇంజిన్ కంప్యూటర్లో ఎక్కించే మార్చిన సాఫ్ట్‌వేర్) అంతకన్నా లేదు. కొత్తవాళ్ళకు చిక్కు వచ్చేది ఇక్కడే. దొరికేవన్నీ పెట్టాల్సినవే అనిపిస్తుంది.

స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అన్నవి ఏ ఇంజినీరింగ్ సంస్థా పెట్టిన కొలతలు కావు, అమ్మేవాళ్ళు పెట్టుకున్న పేర్లు. వాడుకలో అయితే పార్టులేవీ మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మారిస్తే 1, డౌన్‌పైపు లాంటివి కలిపితే 2, టర్బోనే మారిస్తే 3 అంటారు. ఒకరి స్టేజ్ 1 ఇంకొకరి స్టేజ్ 2 కన్నా దూకుడుగా ఉండొచ్చు. "మీ బండి ఏ స్టేజ్" అన్న ప్రశ్న కన్నా "ఏ పెట్రోలుకి, ఎంత బూస్ట్‌కి రాసిన ఫైలు" అన్నది అసలు ప్రశ్న. బూస్ట్ అంటే టర్బో గాలిని నొక్కి ఇచ్చే ఒత్తిడి.

చెకింగ్‌లో ఏం తేలింది

స్కానర్ పెట్టగానే మొదటి ఆశ్చర్యం. ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ నంబరు కంపెనీదే చూపిస్తోంది, కానీ కాలిబ్రేషన్ వెరిఫికేషన్ నంబరు (లోపలి ఫైలును బట్టి లెక్కేసే నంబరు) దానికి సరిపోలడం లేదు. అంటే పేరు అదే ఉంచి, లోపలి ఫైలు ఎవరో మార్చారు. మొదటి ఓనరు ట్యూన్ చేయించి, ఆ మాట చెప్పకుండా అమ్మేశాడు. కుర్రాడి మొహం చూడాలి. "అంటే నేను ఇన్నాళ్ళూ స్టేజ్ వన్‌లోనే తిరుగుతున్నానా అన్నా?"

అవును. కానీ ఆ పవర్ ఎక్కడుంది? రోలర్ డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద మూడో గేర్లో వరసగా మూడు రన్లు తీశాం. చక్రాల దగ్గర మొదటి రన్‌లో 203 హార్స్‌పవర్ వచ్చింది. మూడో రన్‌కి 181కి పడింది. కంపెనీ చెప్పే 230 ఇంజిన్ దగ్గరి లెక్క. గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు, టైర్లలో పోయేది పోగా మామూలు ఆర్ఎస్ చక్రాల దగ్గర 200 అటూ ఇటూగా చూపిస్తుంది. అంటే ట్యూన్ చేసిన బండి, ట్యూన్ చేయని బండి కన్నా తక్కువ ఇస్తోంది.

డైనో ఎంత వచ్చిందో చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. అది లాగ్ చెబుతుంది. రన్ జరుగుతున్నంతసేపూ స్కానర్లో కొన్ని విలువలను రికార్డు చేస్తాం: ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, వేస్ట్‌గేట్ (టర్బోకి వెళ్ళే పొగలో కొంత పక్కకు వదిలే తలుపు) స్థానం, ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ళ కొలత), ఫ్యూయల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందే ఒత్తిడి), ఒక్కో సిలిండర్‌కి ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఎన్ని డిగ్రీలు వెనక్కి తీస్తోంది. కొత్తవాళ్ళు డౌన్‌పైపు కొనేముందు మంచి స్కానర్ కేబులు ఒకటి కొనుక్కోవాలని నేను చెప్పేది ఇందుకే. దాని ఖరీదు డౌన్‌పైపు ఖరీదులో చిన్న వాటాయే.

మూడో రన్ లాగ్‌లో 4200 ఆర్‌పీఎం దగ్గరి వరస ఇది. మొదటి సిలిండర్లో 4.5 డిగ్రీలు, రెండోదాంట్లో 6, మూడోదాంట్లో 7.5, నాలుగోదాంట్లో 3 డిగ్రీల వెనకడుగు. అడిగిన బూస్ట్ 2350 మిల్లీబార్లు (బయటి గాలి పీడనం కూడా కలిపిన లెక్క), వచ్చింది 2180. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఇంటేక్ గాలి 68 డిగ్రీలు, బయట ఎండ 38. రైల్ ప్రెషర్ 200 బార్ దగ్గర నిలకడగా ఉంది, లాంబ్డా కూడా అడిగినట్టే వస్తోంది. కాబట్టి ఇంధన సరఫరాలో తేడా లేదని అక్కడే తేలిపోయింది.

ఆ వరసలో రెండు వేరు వేరు జబ్బులున్నాయి, వాటిని ఇంకా పెంచుతున్న మూడోది ఒకటుంది.

మొదటిది నాకింగ్. స్పార్క్ పడ్డాక మంట సిలిండర్లో ఒక పద్ధతిలో పాకాలి. వేడి, ఒత్తిడి మితిమీరితే మంట అందకముందే ఓ మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. నాక్ సెన్సర్ ఆ చప్పుడు పట్టుకుంటే ఈసీయూ ఆ సిలిండర్‌కి స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది. ఒకటి రెండు డిగ్రీలు అప్పుడప్పుడూ తీయడం మామూలే. ఆరు, ఏడున్నర అంటే ఆ పెట్రోలుకి ఆ ఫైలు సరిపోవడం లేదని అర్థం. స్పార్క్ ఆలస్యమైతే పవర్ తగ్గడమే కాదు, పిస్టన్‌ను తోయాల్సిన వేడిలో కొంత ఎగ్జాస్ట్‌లోకి పోయి టర్బోని, క్యాట్‌ని (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) కాలుస్తుంది.

ఏ పెట్రోలు కొట్టిస్తావని అడిగితే, దారిలో ఏ బంకు వస్తే అక్కడ మామూలు పెట్రోలు అన్నాడు. లోపలున్న ఫైలు బూస్ట్, టైమింగ్ చూస్తే అది యూరప్‌లో 98 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి కొలత) పెట్రోలుకి రాసిన రకం. అక్కడ అది చాలా బంకుల్లో దొరుకుతుంది. ఇక్కడ ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100ని 2020 డిసెంబరులో తెచ్చింది, హెచ్‌పీ వాళ్ళు పవర్ 99 తెచ్చారు. ఇలాంటివి కొన్ని బంకుల్లోనే దొరుకుతాయి. మామూలు దాని కన్నా అంత ఖరీదైన పెట్రోలు మీద రోజూ ఆఫీసుకి వెళ్ళిరావడం ఎంతమంది చేస్తారు? రోజూ నిజంగా కొట్టించే పెట్రోలు ఏదో దానికే ఫైలు రాయించుకోవాలి. నెలకోసారి కొట్టించేదానికి కాదు.

ఇథనాల్ గురించి ఒక మాట, అందరూ అడుగుతారు కాబట్టి. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, అమెరికాలో ఇ85 (85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం) మీద పవర్ పిండేవాళ్ళు చాలామంది. "మరి మన ఇ20 కూడా మంచిదేగా" అంటారు, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి. నాకింగ్ వరకు చెడ్డదేమీ కాదు. కానీ లీటరులో శక్తి తక్కువ, అంతే గాలికి ఎక్కువ ఇంధనం చిమ్మాలి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో చిమ్మడానికి దొరికే సమయం చాలా తక్కువ. మామూలు పవర్ దగ్గర తేడా తెలియదు. పంపు, ఇంజెక్టర్లు హద్దు దగ్గరికి వచ్చిన ట్యూన్‌లో మాత్రం తెలుస్తుంది. ఇ0 (ఇథనాల్ కలపని) పెట్రోలుకి అంచు వరకు రాసిన ఫైలుని ఇ20 మీద నడిపితే మొదట పడేది రైల్ ప్రెషరే. ఈ బండిలో అంతదాకా రాలేదు.

రెండో జబ్బు బూస్ట్ లీకు. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసినా అడిగిన బూస్ట్ రాలేదంటే, టర్బో తోసిన గాలి దారిలో ఎక్కడో బయటికి పోతోంది. స్మోక్ మెషీన్ పెట్టి ఇంటేక్‌లోకి పొగ ఎక్కించాం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (నొక్కిన గాలిని చల్లబరిచేది) వెళ్ళే హోస్ కింది జాయింటు దగ్గర సన్నగా పొగ లేచింది. ఈ బండ్లలో ఆ జాయింటు స్క్రూ క్లిప్పుతో కాదు, రబ్బరు సీలు, తీగ క్లిప్పు మీద నిలబడుతుంది. హోస్ నొక్కగానే క్లిక్‌మని కూర్చోవాలి. ఇక్కడ తీగ ఒక వైపు గాడిలో పడలేదు, సీలు ఓ చోట నలిగిపోయి ఉంది. చుట్టూ ఆయిల్ తడి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి పొర. ఎవరో అంతకుముందు విప్పి, బిగించేటప్పుడు క్లిక్ వినకుండా వదిలేశారు. బండి నిలబెట్టి చూస్తే ఏమీ కనిపించదు, ఐడిల్‌లో ఏ తేడా రాదు. బయటి గాలి పీడనం మీద ఒత్తిడి ఇంకో బార్ పెరిగాకే తెరుచుకునే లీకు అది.

లీకుంటే బూస్ట్ కాస్త తగ్గుతుంది, అంతే కదా అనుకోవద్దు. ఈసీయూ తనకు కావాల్సిన గాలి కోసం టర్బోని ఇంకా వేగంగా తిప్పిస్తుంది. వేగం పెరిగేకొద్దీ టర్బో తన సామర్థ్యం హద్దు దాటి పనిచేస్తుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది, నాకింగ్ పెరుగుతుంది.

జర్క్ సంగతి ప్లగ్గులు విప్పగానే తేలింది. పాతవి, మొనలు అరిగిపోయి గ్యాప్ దాదాపు మిల్లీమీటర్‌కి వచ్చింది. బూస్ట్‌లో సిలిండర్ లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ సందులో స్పార్క్ దూకడం కష్టమవుతుంది. ఒక్కోసారి దూకదు. అదే అతను చెప్పిన జర్క్. ట్యూన్ చేసిన ఈ ఇంజిన్‌కి మేం 0.6 మిల్లీమీటర్ల గ్యాప్ పెడతాం, ప్లగ్గు కూడా ఒక మెట్టు చల్లటి రకం, అంటే వేడిని త్వరగా వదిలేది, వేస్తాం. కాయిల్స్ బాగానే ఉన్నాయి, మార్చలేదు.

మన ఎండ, మన ఎత్తు

ఇక మూడోది వేడి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చలి దేశాల్లో తీసిన వీడియోలు చూసి ఇక్కడ పార్టులు కొనేవాళ్ళు లెక్క తప్పేది ఇక్కడే.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది. ఇక్కడ వాతావరణ పీడనం 950 మిల్లీబార్ల ప్రాంతం, విశాఖ బీచ్ రోడ్డులో 1013. మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) 2400 మిల్లీబార్లు కావాలంటే విశాఖలో టర్బో గాలిని 2.37 రెట్లు నొక్కితే చాలు. ఇక్కడ 2.53 రెట్లు నొక్కాలి. ఫైలు అదే, బండి అదే, హైదరాబాద్‌లో టర్బో పడే కష్టం ఎక్కువ. ఐఎస్20 చిన్న టర్బో. త్వరగా అందుకుంటుంది గానీ 5500 ఆర్‌పీఎం పైన ఊపిరి అందదు. ఎత్తు మీద ఆ పై భాగం ఇంకా ముందే అయిపోతుంది.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 40 డిగ్రీల ఎండలో గాలి తీసుకుని రెండున్నర రెట్లు నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికి వచ్చే గాలి 170 డిగ్రీలు దాటుతుంది. దాన్ని మళ్ళీ యాభై అరవైకి దించాల్సింది ఇంటర్‌కూలర్. ఈ కారులో అది ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు ఏసీ వేడి, వెనక ఇంజిన్ వేడి. మే నెలలో ఏసీ ఆపుకుని ఎవరూ తిరగరు. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి లేచిన బండికి ఇంటేక్ ఉష్ణోగ్రత ఎక్కడి నుంచి మొదలవుతుందో లాగ్ తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

30 డిగ్రీల గాలికీ 60 డిగ్రీల గాలికీ సాంద్రతలో తేడా దాదాపు 9 శాతం. అంటే అదే బూస్ట్ దగ్గర 9 శాతం తక్కువ గాలి. దాని పైన నాకింగ్ వల్ల టైమింగ్ వెనక్కి, ఆపైన ఉష్ణోగ్రత హద్దు దాటాక ఈసీయూ తనంతట తనే తగ్గించే బూస్ట్. "మధ్యాహ్నం మందంగా ఉంటుందన్నా" అన్న మాటకు పూర్తి అర్థం ఇది.

డైనో గదిలో ఫ్యాన్ ఎంత పెద్దదైనా రోడ్డు మీద వంద స్పీడులో తగిలే గాలికి సాటి రాదు. అందుకని రోడ్డు లాగ్ కూడా తీశాం. అందులో ఇంటేక్ గాలి డైనో మీద కన్నా చల్లగానే ఉంది. సిలిండర్లలో వెనకడుగు మాత్రం ఐదు డిగ్రీలు దాటుతూనే ఉంది.

చేసిన పని, చేయని పని

మొదట చేసింది ఫైలు తీసేసి కంపెనీ ఫైలు ఎక్కించడం. అతనికి ఇది అస్సలు నచ్చలేదు. పవర్ పెంచుకుందామని వస్తే ఉన్నది తీసేస్తున్నారేంటని నసిగాడు. హోస్ సీలు, క్లిప్పు కొత్తవి. ప్లగ్గులు కొత్తవి. ఎయిర్ ఫిల్టర్. ఇంజిన్ ఆయిల్ సరైన ఫోక్స్‌వ్యాగన్ స్పెసిఫికేషన్ ఉన్నది. డీఎస్‌జీ ఆయిల్, ఫిల్టర్ 60 వేల కిలోమీటర్లకు మార్చాల్సినవి, సర్వీస్ బుక్కులో ఆ ఎంట్రీయే లేదు, మార్చాం. బ్రేక్ ఫ్లూయిడ్ నల్లగా ఉంది, అదీ మార్చాం. ముందు టైర్లలో ఒకటి ఒక కంపెనీ, రెండోది ఇంకో కంపెనీ. రెండూ కొత్తవి వేయించమన్నాం.

బిల్లు 60 వేల ప్రాంతంలో తేలింది, టైర్లు కాకుండా.

"ఇంత పెడితే ఎంత పెరుగుతుందన్నా?"

"పెరగదు తమ్ముడూ. పోయింది తిరిగి వస్తుంది."

కంపెనీ ఫైలుతో మళ్ళీ అదే డైనో, అదే గేరు, మూడు రన్లు. మొదటిది 200, మూడోది 194. టైమింగ్ వెనకడుగు ఒకటిన్నర డిగ్రీ దాటలేదు. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. రెండు రోజులు నడుపుకుని రమ్మని పంపాను. ఫోన్ చేసి, "ఇదే బాగుంది కదన్నా" అన్నాడు. చాలామంది అక్కడితో ఆగిపోవచ్చు కూడా. పవర్ పిచ్చి పట్టిందనుకున్న బండ్లలో కొన్నింటికి కావాల్సింది సర్వీసే. ఇతను ఆగలేదు, ఆగమని నేనూ అనలేదు. ఇప్పుడు బండి ట్యూన్‌కి సిద్ధంగా ఉంది.

ట్యూన్ చేసే అతనికి మేం ఇచ్చిన షరతులు నాలుగు ముక్కల్లో చెప్తాను. పెట్రోలు 95 ఆక్టేన్ అనుకుని రాయాలి. మొత్తం టార్క్ 400 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి, అది కూడా 2800 ఆర్‌పీఎం పైనే రావాలి. ఒకటి, రెండు గేర్లలో టార్క్ ఇంకా తగ్గించాలి. ఉష్ణోగ్రత పెరిగితే బూస్ట్ తగ్గించే కంపెనీ రక్షణలు వేటినీ ముట్టుకోకూడదు.

రెండో షరతు మీద బేరం పెద్దగా జరిగింది. కింది ఆర్‌పీఎంలో ఒక్కసారిగా తన్నే టార్క్ నడిపేవాడికి మజాగా ఉంటుంది. ఆ తన్ను అంతా కనెక్టింగ్ రాడ్ల (పిస్టన్లను క్రాంక్‌కి కలిపేవి) మీదే పడుతుంది. పైగా డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు ఉన్నప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఒకటుంది, లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అంటారు. నాకింగ్‌లా ఇది హెచ్చరించి రాదు, ఒక్క దెబ్బకే పిస్టన్ రింగు గాడి విరగొచ్చు. ఆయిల్లోని కాల్షియం డిటర్జెంట్లకీ దీనికీ సంబంధం ఉందని తేలాకే ఏపీఐ (ఆయిల్ ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) వాళ్ళ ఎస్ఎన్ ప్లస్, తర్వాత 2020లో ఎస్‌పీ ప్రమాణాల్లో దీని పరీక్ష చేర్చారు. ఆరో గేర్లో 1500 ఆర్‌పీఎంలో వెళ్తూ యాక్సిలరేటర్ నేలకి తొక్కే అలవాటు మానుకోవాలి. డీఎస్‌జీని మాన్యువల్‌లో పెట్టుకుని సరదాపడేవాళ్ళకు ఈ మాట మరీ ముఖ్యం.

గేర్‌బాక్స్‌కి కూడా సాఫ్ట్‌వేర్ మార్చాం. టార్క్ పెరిగినప్పుడు క్లచ్చుల్ని ఎంత ఒత్తిడితో పట్టాలో దానికి చెప్పకపోతే అవి జారతాయి. డీక్యూ250 గట్టి పెట్టె, ఈ మాత్రం టార్క్‌కి ఇబ్బంది పడదు. ఇదే మాట పోలో జీటీ టీఎస్ఐలో ఉన్న పొడి క్లచ్చుల డీక్యూ200 గురించి చెప్పను. దాని హద్దు 250 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంది. పేరుకి రెండూ డీఎస్‌జీలే గానీ, ఒకదాని మీద చేసింది ఇంకోదాని మీద చేస్తే నెలలు తిరక్కముందే క్లచ్ బిల్లు వస్తుంది.

ఇంటర్‌కూలర్ మార్చాం. డబ్బు పెట్టిన ఏకైక పెద్ద పార్టు ఇదే. కంపెనీ ఇచ్చిన దాని కన్నా మందమైనది, అదే చోట కూర్చునేది. పవర్ పెంచడానికి కాదు, మూడో రన్‌లో కూడా మొదటి రన్ పవర్ నిలబెట్టడానికి.

అతను ఆర్డర్ పెట్టిన డౌన్‌పైపు మాత్రం బిగించలేదు. అది క్యాట్ లేని రకం. బిగిస్తే పొల్యూషన్ టెస్టు సంగతి అటుంచి, వెనక ఆక్సిజన్ సెన్సర్ లైటు వెలుగుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్లో నోరు నొక్కాలి, క్యాబిన్లోకి వాసన వస్తుంది. ఇన్ని చేసినా ఐఎస్20 మీద వచ్చే లాభం తక్కువ, ఎందుకంటే పైన ఊపిరి అందనిది టర్బోకే. ఎగ్జాస్ట్ ఎంత వెడల్పు చేసినా చిన్న కంప్రెసర్ పెద్దది అవదు. ఓపెన్ ఇంటేక్ కూడా వద్దన్నాను. స్టాక్ ఎయిర్‌బాక్స్ ముందు గ్రిల్ నుంచి చల్లగాలి తీసుకుంటుంది, ఈ పవర్ దాకా దాని ఫిల్టర్ అడ్డేమీ కాదు. మూత లేని కోన్ ఫిల్టర్ బానెట్ కింది వేడిగాలి పీలుస్తుంది. టర్బో కూత బాగా వినిపిస్తుంది, అది నిజమే. కూత కోసమే కావాలంటే పెట్టుకోవచ్చు, పవర్ కోసం మాత్రం కాదు. రెండూ రిటర్న్ పెట్టేశాడు. డౌన్‌పైపు వాళ్ళు కొంత కోసుకుని మిగతాది ఇచ్చారట.

ఫలితం

చక్రాల దగ్గర మొదటి రన్ 243, మూడో రన్ 238. ఇంజిన్ దగ్గరి లెక్కకు తెస్తే సుమారు 280. ఇంటేక్ గాలి మూడో రన్ చివర 52 డిగ్రీలు. టైమింగ్ వెనకడుగు ఏ సిలిండర్లోనూ 2 డిగ్రీలు దాటలేదు.

కుర్రాడు మొదట నిరాశ పడ్డాడు. వీడియోల్లో అందరూ 300 అంటున్నారు, మనది 243 ఏంటి అని. ఆ 300 ఇంజిన్ లెక్క, 98 ఆక్టేన్ మీద, చలికాలంలో, సముద్రమట్టం దగ్గర. డైనో డైనోకీ తేడా ఉంటుంది. ఉష్ణోగ్రత, పీడనం సరిచేసే కరెక్షన్ ఎలా పెడితే అంకె అలా వస్తుంది. ఒకే డైనో మీద, ఒకే గేర్లో, ముందూ తర్వాతా తీసిన తేడాకే విలువ. అది ఇక్కడ 43. మొదట వచ్చినప్పటి మూడో రన్‌తో పోలిస్తే 57. మన రోడ్ల మీద, మన మధ్యాహ్నంలో అతను నిజంగా నడిపేది ఆ మూడో రన్ బండినే కదా.

ముందు చక్రాల బండికి ఈ పవర్ సరిపోదా? తడి రోడ్డు మీద రెండో గేర్లో ట్రాక్షన్ కంట్రోల్ లైటు ఇప్పటికే మిణుకుమంటోంది. గేరుకో టార్క్ హద్దు పెట్టించకపోతే రోజూ అదే చూస్తూ ఉండేవాడు. కొత్త టైర్ల వల్ల వచ్చిన తేడా ట్యూన్ వల్ల వచ్చినంత ఉందని అతనే అన్నాడు, నేనన్నది కాదు.

కాగితాల సంగతి కూడా చెప్పి పంపాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. వారంటీలో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లయితే మార్చిన ఫైలు కంపెనీ వాళ్ళ స్కానర్‌కి దొరుకుతుంది, ఆ బండి మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పకుండా దాచిపెడితే క్లెయిమ్ రోజున ఆ దాచిపెట్టడమే కారణంగా చూపిస్తారు. ఈ మూడూ విన్నాక కూడా చేయించుకుంటానన్నవాళ్ళకే చేస్తాం, రాతపూర్వకంగా సంతకం తీసుకుని. మొదటి ఓనరు చేసినట్టు చెప్పకుండా అమ్మొద్దని కూడా ఇతనికి చెప్పాను.

నడపడంలో మార్చుకోమన్నవి తక్కువే. డిస్‌ప్లేలో ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది, కూలెంట్ ముల్లు 90కి వచ్చిన తర్వాత కూడా ఆయిల్ ఇంకా అరవైలోనే ఉంటుంది. అది 80 దాటేదాకా బూస్ట్ జోలికి పోవద్దు. గట్టిగా తొక్కిన తర్వాత ఆఖరి ఐదు నిమిషాలు నింపాదిగా నడిపి ఆపాలి. ఆయిల్ 7,500 కిలోమీటర్లకే మార్చాలి. గట్టిగా తొక్కి చూసుకోవాలనిపిస్తే ఔటర్ దానికి చోటు కాదు. శ్రీపెరంబుదూరు దగ్గర మద్రాస్ రేస్ ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి ట్రాక్‌లోనో ట్రాక్ డేలు పెడతారు, అక్కడ బ్రేకులు వేడెక్కితే ఆపడానికి స్థలం ఉంటుంది.

ఎండాకాలంలో ఒకసారి వచ్చాడు. లాగ్‌లో ఇంటేక్ గాలి ఎక్కువైనా టైమింగ్ వెనకడుగు మూడు డిగ్రీల లోపే ఉంది, ఫైలు ముట్టుకోలేదు. కానీ కూలెంట్ మట్టం కాస్త తగ్గింది. కింద నుంచి చూస్తే వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర గులాబీ రంగు మరక ఎండిపోయి ఉంది. ఈ ఇంజిన్‌కి ఇది పాత జబ్బే, ట్యూన్ చేసినా చేయకపోయినా వస్తుంది. హౌసింగ్ ఆర్డర్ పెట్టాం. అది మార్చేటప్పుడే ఇంటేక్ మానిఫోల్డ్ విప్పి వాల్వుల వెనక కార్బన్ కూడా చూస్తాం. పెట్రోలు నేరుగా సిలిండర్లోకే పడుతుంది కాబట్టి ఈ వాల్వుల్ని కడిగేది ఏదీ ఉండదు, 70 వేలు దాటిన బండికి ఎంతో కొంత పేరుకునే ఉంటుంది. ఎక్కువుంటే వాల్‌నట్ పొడితో బ్లాస్ట్ చేసి శుభ్రం చేయాలి. ఇప్పుడతను గోల్ఫ్ ఆర్‌లో వచ్చే ఐఎస్38 టర్బో గురించి అడుగుతున్నాడు. ఇంధన సరఫరాకి ఎంత మిగులు ఉందో ఈ పెట్రోలు మీద ముందు కొలవాలి, పెద్ద టర్బో అందుకోవడం ఆలస్యమవుతుంది, సిటీలో ఆ తేడా రోజూ తెలుస్తుంది. హౌసింగ్ పని అయ్యాక కొత్త లాగ్ తీసి దాని మీద మాట్లాడదామన్నాను.